ఓడకి ముందు రెండు రోజులు, దిగాక ఒకటి

ఇంటికొచ్చి నాలుగు రోజులైంది. పడుకుంటే మంచం ఇంకా కాస్త ఊగుతున్నట్టే ఉంది. ఈ ఊపు పోకముందే రాసేద్దామని కూర్చున్నాను.

చెన్నై రేవు నుంచి రెండు రాత్రుల ఓడ ప్రయాణం మాది. సముద్రంలోకి తీసుకెళ్ళి, మధ్యలో ఏ ఊళ్ళోనూ ఆగకుండా, మూడో రోజు పొద్దున్న మళ్ళీ చెన్నైలోనే దింపుతారు. టిక్కెట్లు మా తమ్ముడి కానుక. "అక్కా, తెల్లారి రైలు దిగండి, ఎక్కడో స్నానాలు కానిచ్చి మధ్యాహ్నానికి ఓడెక్కేయండి. లాడ్జి ఖర్చు దండగ" అన్నాడు. నేను ఒప్పుకోలేదు. రైలు తప్పిపోతే బస్సు పట్టుకోవచ్చు, ఓడ వెళ్ళిపోతే వెనకాల వెళ్ళేందుకు ఇంకేమీ ఉండదు. బయల్దేరే టైముకి చాలా ముందే చెకిన్ కూడా మూసేస్తారు. రైలు ఎంత లేటు నడుస్తోందో ఫోన్లో చూసుకుంటూ, ఆ టెన్షన్‌తో నాన్నగారిని తీసుకెళ్ళడం నాకు ఇష్టం లేదు.

అసలు కారణం అది కూడా కాదు. నాన్నగారు 1969 నుంచి 1974 దాకా మద్రాసులో ఓ తెలుగు అచ్చాఫీసులో సీసం అక్షరాలు పేర్చే కంపోజిటరుగా పనిచేశారు. పెళ్ళయ్యాక కాకినాడ వచ్చేసి సొంతంగా చిన్న ట్రెడిల్ ప్రెస్సు పెట్టుకున్నారు. యాభై ఏళ్ళలో మళ్ళీ ఆ ఊళ్ళో కాలు పెట్టలేదు. కిందటేడు అమ్మ పోయాక వీధి గుమ్మం దాటడమే తగ్గించేశారు. ఓడ సంగతి చెబితే "ఈ వయసులో నాకెందుకమ్మా, మీరిద్దరూ వెళ్ళి రండి" అన్నారు. ముందు రెండు రోజులు, దిగాక ఒక రోజు మద్రాసులోనే ఉంటామనేసరికి తలెత్తి చూశారు. "అండర్సన్ వీధికి వెళ్దామా?" అన్నారు. ఆయన అచ్చాఫీసు ఉండేది జార్జిటౌనులోని ఆ వీధిలోనే.

ఆగస్టు 20: ఎగ్మూరు, తిరువల్లిక్కేణి, జార్జిటౌను

సర్కార్ ఎక్స్‌ప్రెస్ ఎగ్మూరులో దింపేసరికి ఇంకా సరిగ్గా తెల్లారలేదు. స్టేషనుకి ఎదురు సందులో లాడ్జి, రోజుకి 2,200. తెల్లవారుజామునే గది ఇచ్చినందుకు ఇంకో 700. తమ్ముడికి చెబితే బాధపడతాడు గానీ, ఆ 700 పెట్టి రెండు గంటలు నడుం వాల్చుకున్నాం కాబట్టే ఆ రోజంతా నాన్నగారు తిరగగలిగారు. ముసలివాళ్ళతో వెళ్ళేవాళ్ళు ఈ డబ్బు దగ్గర వెనకాడొద్దు.

టిఫినుకి తిరువల్లిక్కేణి రత్నా కేఫ్‌కి వెళ్ళాం. అప్పట్లో జీతం రోజున నాన్నగారు వెళ్ళే చోటట. అక్కడ ఇడ్లీ పక్కన గిన్నెలో సాంబారు ఇవ్వరు. రెండు ఇడ్లీలు పళ్ళెంలో పెట్టి, వడ్డించే ఆయన చెంబులాంటి పాత్రతో వచ్చి, ఇడ్లీలు మునిగేదాకా పోస్తాడు. మావారు అలవాటుగా చాలు చాలని చెయ్యి అడ్డం పెడితే నాన్నగారు ఆ చెయ్యి పక్కకి తీశారు. "పొయ్యనివ్వండి అల్లుడుగారూ, ఇక్కడ ఇడ్లీ సాంబారుకి నంజుకోడానికే" అన్నారు. మన సాంబారు కంటే పలచన, పులుపు తక్కువ, కాస్త తీపి. ఇడ్లీ పీల్చుకున్న కొద్దీ ఆయన మళ్ళీ వచ్చి పోశాడు. దానికి విడిగా డబ్బు లేదు. నాన్నగారు మూడుసార్లు పోయించుకున్నారు. అమ్మ పోయాక ఆయన ఏదైనా రెండోసారి అడిగి వేయించుకోవడం నేను చూడలేదు.

అక్కణ్ణుంచి ఆటోలో జార్జిటౌను. చెన్నైలో ఆటో మాట్లాడేటప్పుడు "అన్నా" అని మొదలుపెడితే మాట మెత్తబడుతుంది. మీటరు సంగతి ఎత్తితే మాత్రం చాలామంది ముందుకెళ్ళిపోతారు. 250 అడిగితే 180కి కుదిరింది. హైకోర్టు ఎర్రటి గుమ్మటాలు కనిపించగానే నాన్నగారు సీటు చివరికి జరిగారు. "ఎడమకి, మళ్ళీ ఎడమకి" అని డ్రైవరుకి తెలుగులోనే చెప్పడం మొదలుపెట్టారు. అతనికీ అర్థమవుతున్నట్టే ఉంది.

ఆ తర్వాత ఏదీ కలిసిరాలేదు. ఆయన గుర్తుపెట్టుకున్న వేపచెట్టు లేదు. మూలన ఉండాల్సిన టీ కొట్టు స్థానంలో నాలుగంతస్తుల బిల్డింగు. ఒక వీధంతా ఎలక్ట్రికల్ సామాన్లు, పక్కది పూర్తిగా ప్లాస్టిక్, దాని పక్కది తాళాలు, గొళ్ళేలు. చేతిబళ్ళ వాళ్ళు "వళి, వళి" (దారి, దారి) అని అరుస్తూ మనిషికీ మనిషికీ మధ్య నుంచి బస్తాలు లాక్కుపోతున్నారు. ఫోన్లో మ్యాపు తీస్తే ఆ సందుల్లో మేమున్న చుక్క ఒక వీధి నుంచి పక్క వీధిలోకి గెంతుతోంది. గంటన్నర తిరిగి తిరిగి, మొదలుపెట్టిన తాళాల కొట్టు ముందుకే వచ్చాం. ఎండ మండిపోతోంది. నాన్నగారి చొక్కా వీపుకి అతుక్కుపోయింది. "పోనీలే అమ్మా, ఉంటే ఏం చేస్తాం, లేకపోతే ఏం చేస్తాం" అన్నారు. ఆ మాటతో నాకు కాళ్ళలో ఉన్న కాస్త ఓపికా పోయింది.

మధ్యాహ్నం భోజనానికి ఒక ఆంధ్రా మెస్‌లోకి వెళ్ళాం. పేరు చెప్పుకోదగ్గంత పెద్దది కాదు. అన్‌లిమిటెడ్ భోజనం 170. అరిటాకు మీద ముందు కందిపొడి, నెయ్యి, తర్వాత పప్పు, గోంగూర పచ్చడి. పక్క బల్ల దగ్గర కూర్చున్న తమిళ కుర్రాళ్ళు ముందు సాంబారు అడుగుతున్నారు. వడ్డించే అబ్బాయి మాకు ఒక వరసలో, వాళ్ళకి ఒక వరసలో వడ్డిస్తూ రెండు చోట్లా తడబడకుండా తిరుగుతున్నాడు. నాన్నగారు తలుపు వైపు చూస్తూ "ఒత్తు ఊడిపోయింది" అన్నారు. నాకు అర్థం కాలేదు. గాజు తలుపు మీద వీధిలోకి కనబడేలా తెలుగులో ఏదో రంగు కాగితం అక్షరాలు అతికించారు. లోపల కూర్చున్నవాళ్ళకి అవి తిరగబడి, గీతల గందరగోళంలా ఉన్నాయి. నేను ఒక్క అక్షరం కూడా పోల్చుకోలేకపోయాను. "రుచికరమైన ఆంధ్ర భోజనం లభించును. ఆంధ్రలో ర ఒత్తు ఊడిపోయి ఆంధ అయింది" అని గడగడా చదివేశారు. బయటికొచ్చాక చూస్తే అక్షరాలా అంతే.

సీసం అచ్చులో అక్షరం అద్దంలో చూసినట్టు తిరగబడి ఉంటుంది కదా. అయిదేళ్ళు మద్రాసులోనూ, ఇరవై ఏళ్ళు మా ప్రెస్సులోనూ ఆయన చదివింది అలాంటి అక్షరాలే. ఇంగ్లీషుకైతే ఇరవై ఆరు అక్షరాలు చిన్నవీ పెద్దవీ పెట్టుకుంటే సరిపోతుంది. తెలుగుకి గుణింతాలు, ఒత్తులు అన్నీ విడివిడిగా కావాలి. అక్షరాలుండే గడుల పెట్టెలో ఏ గడిలో ఏ ఒత్తు ఉందో చూడకుండానే చెయ్యి వెళ్ళాలి. చిన్నప్పుడు నేను ఆయన పక్కన నిలబడి ఆ వేళ్ళనే చూసేదాన్ని. ఆ సాయంత్రం లాడ్జిలో పడుకుని అవే గుర్తుచేసుకున్నాను. దిగాక ఇంకో రోజు ఉంది కదా, ఆ వీధిని వదలకూడదనుకున్నాను.

ఆగస్టు 21: రాయపేట, మైలాపూరు, మెరీనా

పొద్దున్నే రాయపేట హైరోడ్డు, 126వ నంబరు ఇల్లు. పొట్టి శ్రీరాములు గారు నిరాహార దీక్ష చేసిన ఇల్లు అది. 1952 అక్టోబరు 19న మొదలుపెట్టారు, డిసెంబరు 15 రాత్రి ప్రాణం విడిచారు. 58 రోజులు. ఇప్పుడది స్మారక భవనం. రోడ్డు మీద బస్సులు హోరెత్తిపోతుంటే ఒక్క గుమ్మం దాటగానే నిశ్శబ్దం. ఆ ఇల్లు అప్పట్లో బులుసు సాంబమూర్తి గారిది. ఆయన మా కాకినాడలో వకీలుగా పనిచేసి, స్వరాజ్యం కోసం ప్లీడరీ వదులుకున్న మనిషి. 1937లో మద్రాసు శాసనసభకి స్పీకరయ్యారు. దీక్షకి చోటు ఇచ్చింది మా ఊరి పెద్దమనిషని చిన్నప్పటి నుంచీ వింటున్నాను. ఆ నేల మీద నిలబడితే అది వేరుగా ఉంది. నాన్నగారు చెప్పులు గేటు దగ్గరే విప్పేశారు. గుడి కాదు కదా అని ఎవరూ అనలేదు. మేమూ విప్పేశాం.

బయటికొచ్చాక ఆయన ఒక మాట చెప్పారు. ఆయన ఉద్యోగంలో చేరేనాటికి రాష్ట్రం విడిపోయి పదహారేళ్ళు. మద్రాసు తమిళులకే మిగిలింది. అయినా అచ్చాఫీసులో తమిళ కంపోజిటర్లు, తెలుగు కంపోజిటర్లు ఒకే బల్ల దగ్గర అన్నాలు తినేవాళ్ళట. ఫోర్‌మన్ ఒక మొదలియారు. తెలుగు రాదు, కానీ పేర్చిన తెలుగు పేజీ చూసి ఎక్కడ లైను వంగిందో చెప్పేవాడట. "ఊరు ఎవరిదైతేనేం, నాకు పని నేర్పింది ఆయన" అన్నారు.

లజ్ దగ్గర మెట్రో తవ్వకాలు. రోడ్డు సగం రేకులతో మూసేశారు. ఆటో మూడు సందులు తిప్పి నాగేశ్వరరావు పార్కు వెనక గేటు దగ్గర దింపింది. అది కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారి పేరు. అమృతాంజనం అమ్మిన డబ్బుతో పత్రిక నడిపిన ఆయన. 1908లో బొంబాయిలో వారపత్రికగా మొదలైన ఆంధ్రపత్రిక 1914లో మద్రాసు వచ్చి దినపత్రికయింది. పార్కులో పొద్దుటిపూట నడిచేవాళ్ళు, చెట్ల కింద చదరంగం ఆడేవాళ్ళు. బెంచీ మీద మా పక్కన కూర్చున్న పెద్దావిడ ఎక్కణ్ణుంచి వచ్చారని అడిగారు. కాకినాడ అనగానే "కాజా!" అన్నారు. నా బ్యాగులో రైల్లో తినగా మిగిలిన కోటయ్య కాజాలు నాలుగున్నాయి. రెండిచ్చాను. ఆవిడ ఒకటి అక్కడే తిని, పాకం చీర మీద పడకుండా చెయ్యి కింద పట్టుకుని, రెండోది మనవడికని రుమాల్లో చుట్టుకున్నారు.

మైలాపూరులో కపాలీశ్వరుడి దర్శనం అయ్యాక మాడ వీధిలో రోజ్‌మిల్క్ తాగాం. గుడి చుట్టూ మల్లెపూలు మూర లెక్క. మన దగ్గర మూరంటే మోచేయి నుంచి వేళ్ళ చివరిదాకా. ఆ పూలమ్మి కూడా అలాగే కొలిచి, చివర్న ఇంకో బెత్తెడు కలిపింది. నేను జడలో పెట్టుకునేదాకా చూసి, బావుందన్నట్టు తలూపి అప్పుడు డబ్బు తీసుకుంది.

సాయంత్రం మెరీనా. నీళ్ళదాకా ఇసకలో చాలా దూరం నడవాలి, అదీ నాన్నగారికి కష్టం. సగం దారిలో ఒక సుండల్ బండి పక్కన ప్లాస్టిక్ కుర్చీ వేయించుకుని కూర్చోబెట్టాం. ఉడికించిన శనగలు, పైన కొబ్బరి, సన్నగా తరిగిన మామిడికాయ. పొట్లం 30. కుర్చీకి డబ్బు ఇవ్వబోతే బండి ఆమె తీసుకోలేదు. "అప్పా మాదిరి" అంది, మా నాన్నలాంటివారని.

చీకటి పడుతుంటే దక్షిణం వైపు లైట్‌హౌస్ వెలిగింది. నాన్నగారు దాన్ని కొత్త మనిషిని చూసినట్టు చూశారు. "మా రోజుల్లో ఇక్కడ దీపం లేదు. హైకోర్టు నెత్తిన ఉండేది" అన్నారు. నిజమే, 1894 నుంచి హైకోర్టు పెద్ద గుమ్మటం మీదే ఓడలకి దీపం వెలిగేది. 1977లో మెరీనా లైట్‌హౌస్ వచ్చాక దాన్ని ఆపేశారు. మన్నడిలో ఆయన అద్దెగది ఉన్న ఇంటి మేడ మీద నుంచి ఆ వెలుగు కనిపించేదట. వేసవిలో నలుగురూ మేడ మీద చాపలు వేసుకుని పడుకునేవాళ్ళు. "నిద్రపట్టకపోతే దాన్నే చూస్తూ ఉండేవాణ్ణి. మీ అమ్మని చూసి వచ్చిన రాత్రి కూడా" అన్నారు. అమ్మ మాట ఆయన నోట తనంతట తను రావడం ఎన్నాళ్ళకో. మావారు మెల్లిగా లేచి ఇంకో పొట్లం తెస్తానని వెళ్ళిపోయారు.

ఆగస్టు 22: రేవు

ఆ రోజు మద్రాసు పుట్టినరోజు. 1639 ఆగస్టు 22న దామెర్ల వేంకటాద్రి నాయకుడు ఈస్టిండియా కుంఫిణీ వాళ్ళకి సముద్రం ఒడ్డున ఈ నేల రాసిచ్చాడని లెక్క. ఆయన తండ్రి చెన్నప్ప పేరు మీదే చెన్నపట్నం. మా నాయనమ్మ చనిపోయేదాకా మద్రాసు అనలేదు. చెన్నపట్నమనో, ఒట్టి పట్నమనో అనేది.

రేవుకి వెళ్ళడం అంత సులువు కాలేదు. మేం ముందే గేటు వివరాలు సరిగ్గా చూసుకోలేదు. ఆటో దిగిన చోట బారులు తీరిన ట్రైలర్లు, దుమ్ము, డీజిలు వాసన. అది సరుకు లారీల గేటు. కాపలా ఆయన మా టికెట్టు చూసి, నాన్నగారిని నీడలో కూర్చోబెట్టి, ప్రయాణికుల గేటు ఎటో చెయ్యి చాపి చూపించారు. ఆ లారీల మధ్య మళ్ళీ ఆటో దొరకడానికి ఇరవై నిమిషాలు. అదృష్టం కొద్దీ చేతిలో మూడు గంటల టైముంది. మీరెవరైనా వెళితే, ఏ గేటో కాగితం మీద రాసుకుని ఆటో ఆయనకి చూపించండి. హార్బర్ అంటే చాలదు, దానికి చాలా గేట్లున్నాయి.

లోపల ఆధార్ చూడటం, పెట్టెలకి చీటీలు కట్టడం, విమానాశ్రయంలోలా తనిఖీ. ఓడ దగ్గరికి వెళ్ళేసరికి అది ఓడలా లేదు, గోడలా ఉంది. నాన్నగారు మెడ వెనక్కి వాల్చి అంతస్తులు లెక్కపెట్టారు. ఈ రేవు కట్టకముందు ఇక్కడ ఓడలు దూరంగా సముద్రంలోనే లంగరు వేసేవి. మనుషుల్ని, సరుకుల్ని కొబ్బరి తాళ్ళతో కుట్టిన మసూలా పడవల్లో అలల మీంచి ఒడ్డుకి తెచ్చేవాళ్ళు. మేం మెట్లు కూడా ఎక్కకుండా నున్నటి వంతెన మీద నడిచి లోపలికి వెళ్ళాం.

సాయంత్రం ప్రమాదమొస్తే ఎక్కడ గుమిగూడాలో, లైఫ్ జాకెట్ ఎలా వేసుకోవాలో చూపించారు. అది కాగానే అందరూ పాటల దగ్గరికి పరిగెత్తారు. మేం మాత్రం పై డెక్కు మీద, ఊరి వైపు రెయిలింగు దగ్గర నిలబడ్డాం. తాళ్ళు విప్పారు. ఓడ కదిలిన సంగతి ముందు తెలియలేదు. ఒడ్డున ఉన్న క్రేను మెల్లగా పక్కకి జరుగుతుంటే తెలిసింది. షెడ్ల పైనుంచి హైకోర్టు గుమ్మటాలు, వాటి వెనక జార్జిటౌను మేడలు. 1914 సెప్టెంబరు 22 రాత్రి మొదటి ప్రపంచ యుద్ధంలో జర్మన్ల ఎండెన్ యుద్ధనౌక ఇక్కడికే వచ్చి చమురు ట్యాంకుల మీద గుండ్లు కురిపించింది. ఆ రోజుల్లో జనం ఊరు ఖాళీ చేసి పారిపోయారని నాన్నగారికి ఆ మొదలియారు చెప్పారట. హైకోర్టు ప్రహరీ గోడకి ఆ గుర్తుగా రాతిఫలకం ఉంది.

చీకటి పడ్డాక నాన్నగారి కళ్ళు గుమ్మటం మీదే ఉన్నాయి. అక్కడ దీపం లేదని ఆయనకి నాకంటే బాగా తెలుసు. దూరంగా ఎడమ వైపు మెరీనా దీపం వచ్చి వెళ్తోంది. ఊరంతా ఒక పసుపు గీత అయ్యేదాకా, ఆ గీత కూడా నీళ్ళలో దిగిపోయేదాకా కదల్లేదు. "ఒడ్డు నుంచి ఓడల్ని చూశాను గానీ, ఓడ నుంచి ఒడ్డుని చూడటం ఇదేనమ్మా" అన్నారు. అప్పటికి ఫోన్లో సిగ్నలు పోయింది.

ఆగస్టు 23: నీళ్ళ మీద

ఈ రోజు గురించి ఎక్కువ రాయను. చుట్టూ నీళ్ళే. పొద్దున్నే డెక్కు మీద సూర్యుణ్ణి చూశాం. మా ఉప్పాడ తీరంలో కూడా సూర్యుడు సముద్రంలోంచే వస్తాడు. ఇక్కడ తేడా ఏమిటంటే వెనక్కి తిరిగి చూసినా సముద్రమే. భోజనం టికెట్టులోనే. జైన భోజనం నుంచి చేపల దాకా అన్నీ ఉన్నాయి. నాన్నగారు రెండు పూటలా పెరుగన్నం, ఆవకాయ తిన్నారు. ఆవకాయ మాదే. కూల్‌డ్రింకులకి, ఇంటర్నెట్టుకి విడిగా వసూలు చేస్తారు, అవి సముద్రం ధరలే. మావారు ఈత కొలను దగ్గర కుర్చీలో నిద్రపోయారు. సాయంత్రం గాలి పెరిగి ఓడ ఊగితే నాకు తల తిరిగింది. అల్లం మురబ్బా పనిచేసింది.

ఆగస్టు 24: మళ్ళీ జార్జిటౌను

పొద్దున్నే దిగాం. చాలామంది సామాన్లతో నేరుగా ఎయిర్‌పోర్టుకి ఉరికారు. మాకు సాయంత్రం హౌరా మెయిల్‌కి సామర్లకోట దాకా. రోజంతా మాదే. పెట్టెలు సెంట్రల్ స్టేషన్ క్లోక్‌రూములో పెట్టి, ఈసారి మ్యాపు తీయలేదు. కొబ్బరిబోండాల ఆయన్ని అడిగాం. "అండర్సన్ వీధా? కల్యాణ పత్రికలా?" అని ఆయనే అన్నాడు. ఆ వీధి ఇప్పుడు చెన్నైకంతా పెళ్ళి శుభలేఖల వీధి. మొన్న రెండు వీధుల ఇవతలే తిరిగి వెనక్కి పోయాం.

వీధి పొడుగునా శుభలేఖలే. బంగారు రేకు, ముఖమల్ గుడ్డ, తెరిస్తే వినాయకుడు లేచి నిలబడేవి. నాన్నగారు ఒక చోట ఆగిపోయారు. మెట్లను చూసి గుర్తుపట్టారు. మూడు నల్లరాతి మెట్లు, మధ్యది అరిగి దోనెలా ఉంది. పైన బోర్డు కొత్తది, గోడలు కొత్తవి, మెట్లు అవే. "కాగితం రీములు ఈ మెట్ల మీదే దింపేవాళ్ళు" అన్నారు. లోపల అరల నిండా కార్డులు. గల్లా దగ్గర యాభై ఏళ్ళ మనిషి. మా మాటలు విని "రాండి, కూర్చోండి. యాడ నుంచి వచ్చినారు?" అని తెలుగులోనే అన్నారు.

వాళ్ళది మూడు తరాలుగా ఇదే ఊరు. ఇంట్లో తెలుగే. ఆ తెలుగు మా గోదావరి వాళ్ళ చెవికి కాస్త వేరుగా, పాతగా, ఎంతో తియ్యగా ఉంది. "మాట్లాడతాము సార్, చదివేదానికి మాత్రం రాదు. ఇస్కూల్లో తమిళమే కదా" అన్నారు. పాత అచ్చాఫీసు సంగతి ఆయనకి తెలియదు. ఆయన తండ్రి కొనేటప్పటికే ఇది ఖాళీ గోడౌనట. నాన్నగారు ఏమీ అనలేదు. కాఫీ తెప్పించారు. ఆ కాఫీ చల్లారేలోపే కథ మారిపోయింది.

గల్లా మీద తప్పులు చూడ్డానికి తీసిన ఒక తెలుగు శుభలేఖ ప్రూఫు ఉంది. నెల్లూరు పార్టీదట, సాయంత్రానికి మిషన్ ఎక్కాలి, 600 కార్డులు. నాన్నగారు కళ్ళజోడు పెట్టుకుని వంగి చూశారు. చూపుడువేలు మొదటి లైను కింద నుంచి మెల్లగా జరుపుకుంటూ వచ్చి ఒక చోట ఆపారు. "ముహుర్తము అని పడింది. హూ దీర్ఘం." మళ్ళీ వేలు కదిలింది. "చిరంజీవి సౌభాగ్యవతిలో భా వత్తు పోయి బా అయింది. ఇక్కడ నానమ్మగారి పేరు ముందు కీర్తిశేషులు ఉంది, ఇది తాతగారి పేరు నుంచి జరిగిందేమో, పార్టీని అడగండి." యజమాని లేచి నిలబడ్డారు. ఫోను తీసి నెల్లూరు పార్టీకి చేశారు. నానమ్మగారు నిక్షేపంగా ఉన్నారట, ఆవిడ పక్కనే కూర్చుని ఉన్నారట.

ఆ తర్వాత గంటన్నర నాన్నగారు ఆ కొట్లో ఎర్రపెన్ను పట్టుకుని కూర్చున్నారు. కంప్యూటరు దగ్గర అమ్మాయికి తెలుగు అస్సలు రాదు. పార్టీ వాట్సాప్‌లో పంపింది కాపీ చేసి ఇంకో ఫాంటులోకి మారిస్తే ఒత్తులు చెదిరిపోతున్నాయి. ఆ అమ్మాయికి తెలియడం లేదు, బొమ్మలా చూసి వదిలేస్తోంది. నాన్నగారు ప్రతి తప్పు పక్కన మార్జిన్లో పాత ప్రూఫు గుర్తులే పెట్టారు. ఆ అమ్మాయికి అవి తెలియవని గుర్తొచ్చి, పక్కనే సరైన అక్షరం పెద్దగా, గుండ్రంగా రాసిచ్చారు. ఆ చేతిరాత అమ్మ పచ్చడి సీసాల మీద ఉండేది.

యజమాని డబ్బు ఇవ్వబోయారు. నాన్నగారు వద్దన్నారు. ఆయన ఊరుకోలేదు, నాలుగున్నరకి మమ్మల్ని వెంటబెట్టుకుని బీచ్ స్టేషను వైపు అత్తో బళ్ళ దగ్గరికి తీసుకెళ్ళారు. అత్తో అంటే బర్మా నూడిల్సు. రంగూన్ నుంచి తిరిగొచ్చిన కుటుంబాలు ఇక్కడ తెచ్చిన తిండి. వండరు, కలుపుతారు. పెద్ద పళ్ళెంలో లావాటి నూడిల్సు, క్యాబేజీ, ఉల్లిపాయ, వేయించిన వెల్లుల్లి, చింతపండు పులుసు, ఎండుమిరప పొడి, పైన కరకరలాడే అప్పచ్చి నలిపి, చేత్తోనే తిప్పి తిప్పి కలిపాడు. పక్కన వేడి అరటిదూట సూపు, ఎంత కావాలంటే అంత. ప్లేటు 80.

నాన్నగారు సూపు ఒక గుక్క తాగి ఆగారు. "మా మేనత్త పెట్టేది" అన్నారు. ఆవిడ భర్త రంగూన్ బియ్యం మిల్లులో పనిచేసినాయన. మా కోరంగి రేవు నుంచి వెళ్ళినవాళ్ళు ఎంతమందంటే, బర్మాలో తెలుగువాళ్ళందరికీ కోరంగీలనే పేరుండేది. రెండో ప్రపంచ యుద్ధంలో జపాను బాంబులు పడ్డాక మేనత్తా వాళ్ళు ఇంటికొచ్చింది ఓడ మీద కాదు, అడవుల వెంట నడిచి. ఈ మేనత్త సంగతి నలభై ఎనిమిదేళ్ళలో నేను మొదటిసారి వింటున్నాను. బండి ఆయన ఇంకో గరిటె పోశాడు.

ఓడ టిక్కెట్లు పక్కన పెడితే, లాడ్జి, తిండి, ఆటోలు, అన్నీ కలిపి మూడు రోజుల ఊరికి ముగ్గురికీ 11,400 అయింది. తమ్ముడికి లెక్క పంపాను. ఏమీ అనలేదు.

నిన్న రాత్రి నా ఫోనుకి ఒక ఫోటో వచ్చింది. అండర్సన్ వీధి నుంచి, ఇంకో తెలుగు కార్డు. కింద తమిళ అక్షరాల్లో టైపు చేసిన తెలుగు, ఎవరి చేతో చదివించుకున్నాను: "అయ్యగారికి చూపించండి, సరిగా ఉండాదా?" ఇది రాస్తుంటే నాన్నగారు వరండాలో నా ఫోను పట్టుకుని, రెండు వేళ్ళతో బొమ్మ పెద్దది చేసుకుంటూ కూర్చున్నారు. "అమ్మాయ్, ఎర్రపెన్ను తే. ఆహ్వానంలో వ ఒత్తు పడలేదు" అని పిలుస్తున్నారు.